మాట పోయిన సినిమా

గచ్చిబౌలి, శుక్రవారం

అమ్మా, దేవుని కృపతో నేను కులాసా. నిన్న రాత్రి ఫోనులో ఏడ్చానని బెంగ పెట్టుకోకు, ఎందుకో చెబుతాను.

నిన్న మా యూనివర్సిటీలో విద్యార్థులం వేసిన బొమ్మలు, రాసిన కథలు, తీసిన సినిమాలు అందరికీ చూపించాం. ఈ కార్డు మీది బొమ్మ నా రూమ్మేట్ ఆమని వేసిందే. నా సినిమా మొదలైన కాసేపటికే సౌండు పోయింది. నువ్వూ నాన్నా పొద్దున్నే కాఫీ దగ్గర పోట్లాడుకునే కథ కదా, మాటల్లేకపోతే అందులో ఏముంటుంది? లేచి తెర పక్కన నిలబడి ఇద్దరి మాటలూ నేనే చెప్పాను. నాన్నవి ఆయన గొంతు గుర్తు చేసుకుని చెప్పాను. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఇక్కడ చేరినప్పటి నుంచి ఆయన నాతో మాట్లాడలేదు కదా. అయినా జనం ఎక్కువ నవ్వింది ఆయన మాటలకే. వరంగల్ అమ్మాయి ఒకతి వచ్చి, "మా బాపు గూడ గిట్లనే అంటడు. మల్లోసారి ఎయ్యవా?" అని అడిగింది.

వచ్చే నెల మొదటి శనివారం మళ్లీ వేస్తున్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందా? తగ్గితే నాన్నను తీసుకుని రా. లింగంపల్లిలో దిగండి, స్టేషన్‌కు నేనొస్తాను. గోంగూర పచ్చడి ఆమనికి కూడా సరిపోయేంత తే. తమ్ముడు స్టీఫెన్‌ను అడిగానని చెప్పు.

నాన్నకు నా వందనాలు. ఆయన మాట్లాడకపోయినా సరే, నా పక్కన కూర్చుని చూస్తే చాలు.

మీ ప్రార్థనల తోడుతో,
జాస్మిన్