జానెడు ఇవతల

కిష్టారెడ్డిపేట,
బుధవారం.

అమ్మకు,

నీ బిడ్డ శకుంతల నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ ఆయన, వర్ష, నేను ఒంట్లో బాగానే ఉన్నాం. మనసు సంగతి కింద రాస్తాను. నీ చెవి మిషన్ మళ్ళీ డబ్బాలోకే పోయిందని తమ్ముడు చెప్పాడు. ఫోన్లో అరిచి చెప్పుకునే విషయం కాదు కాబట్టి ఉత్తరమే నయమనిపించింది.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. మెడ నొప్పి తగ్గింది. వర్ష పరీక్షలు అయిపోయాయి. నీళ్ళలో దిగడం మాత్రం మానలేదు, మోకాలి లోతు దాటను, భయపడకు. ఊరికే చేపలు పట్టడం నేర్పితే ఆ బీరమ్మకేం లాభమని అడిగావు. ఆ ప్రశ్నే నన్ను ఇంతదూరం తెచ్చిందమ్మా.

బీరమ్మకు అరవై దాటాయి. మా లేఅవుట్ వెనక కుంటలో తరాలుగా చేపలు పట్టే ఇల్లు వాళ్ళది. ఆమె వల వేయదు. కంటితో చూసి ఊతతో పడుతుంది. ఊతంటే అడుగులేని వెదురుబుట్ట. చేప మీద బోర్లించి, పైనుంచి చెయ్యి పెట్టి తీయాలి. మొదటి నెలంతా నాకు బురద తప్ప ఏమీ కనపడలేదు. "గన్ని బుక్కులు సదివినవ్, జెరన్ని నీళ్లు సదవరాదా?" అని నవ్వేది. చేపను వెతకొద్దు, అడుగున కదిలే నీడను చూడమనేది. నీళ్ళు చేపను దూరంగా చూపిస్తాయట, కనిపించిన చోటుకు జానెడు ఇవతల ఊత వేయాలట. తనకున్న రెండు ఊతల్లో ఒకటి నాకిచ్చి, మా బాల్కనీలోనే ఉంచుకోమంది.

తుంగ మొలిచిన మూలకు మాత్రం పోనిచ్చేది కాదు. అడిగితే "ఇప్పుడు గాదు" అనేది. నీ ఉత్తరం వచ్చాక ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. మంచి చేపలన్నీ అక్కడ తనకోసం దాచుకుందనుకున్నాను. ఆమె బొంతపల్లి గుడికి పోయిన రోజు ఒక్కదాన్నే వెళ్ళాను.

అక్కడ మూరెడు కొర్రమట్ట చేప. నా నీడ మీద పడినా కదల్లేదు. నాకు చూపు కుదిరిందని సంబరపడ్డాను. జానెడు ఇవతల ఊత వేశాను. చేప చేతికొచ్చాకే కనిపించాయి, తుంగ మొదట్లో గుంపుగా తిరుగుతున్న వందల ఎర్రటి పిల్లలు. వాటికి కావలి ఉంది కాబట్టే అది పారిపోలేదు. బీరమ్మ "ఇప్పుడు గాదు" అన్నదెందుకో అప్పుడర్థమైంది. అప్పుడైనా వదిలేయొచ్చు. ఇంట్లో చూపించాలనే గర్వంతో సంచిలో వేసుకున్నాను. తీరా ఇంటికొచ్చాక సిగ్గేసి, ఆయనతో కొన్నానని చెప్పాను.

కావలి లేని పిల్లలను రెండు రోజుల్లో కొంగలు తినేశాయి. ఆదివారాలు గట్టు మీద గాలం వేసే బిహార్ మనిషి ఒకతను ఉన్నాడు, పాశమైలారం ఫ్యాక్టరీలో పని. కొర్రమట్టను పట్టింది అతనేనని బీరమ్మ కొడుకు శ్రీశైలం అనుమానించాడు. గాలం కర్ర విరిచి, మళ్ళీ కుంట దిక్కు రావద్దన్నాడు. అతను నా వైపు తిరిగి, "దీదీ, మైనే నహీ పక్డా" అన్నాడు, తాను పట్టలేదని. నేను అక్కడే ఉన్నానమ్మా. నోరు విప్పలేదు.

ఇవాళ బీరమ్మ నన్ను తనంతట తానే ఆ మూలకు తీసుకెళ్ళింది. నాకిప్పుడు నీళ్ళ అడుగు బాగా కనిపిస్తుంది. బురదలో వెదురుపుల్లలు దిగిన గుంతలు, గుండ్రంగా.

"గాలానికి గిట్ల గుండ్రం పడ్తదా, శకుంతలమ్మా?"

తెలియదన్నాను.

"ఈ కుంటకు ఊతలు రెండే. ఒకటి నా ఇంటి సూరుకున్నది" అని, రేపు జల్దీ రమ్మని చెప్పి ముందు నడిచింది.

చెప్పుకోవడానికి అవకాశం ఇస్తున్నదా, కొడుకు ముందు నిలబెట్టడానికి పిలిచిందా? తప్పు నాదైనా ఇంకా ఆమెనే అనుమానిస్తున్నాను, చూశావా.

కొత్త గాలం కర్ర కొని తలుపు వెనక పెట్టాను. ఎవరికని వర్ష అడిగితే రేపు చెప్తానన్నాను. రేపు పొద్దున ఊత తీసుకుని ముందు శ్రీశైలం దగ్గరికి, తర్వాత ఆ బిహార్ మనిషి గదికి పోవాలి. నా మీద నాకు నమ్మకం లేదు, గట్టు దాకా వెళ్ళి తిరిగొస్తానేమో. అందుకే ఈ ఉత్తరం దారిలో పోస్టు డబ్బాలో వేసి, ఆ తర్వాతే కుంటకు నడుస్తాను. నీకు చెప్పేసిన మాటను ఇక దాచుకోలేను కదా.

ఇట్లు,
నీ పెద్దబిడ్డ,
శకుంతల