ఏడో కథ మీద గీత

మార్చి 3, సోమవారం

అక్క గొంతు పోయి నాలుగు నెలలైంది. బొంగురుపోవడం కాదు, నిజంగానే పోవడం. గడ్డతో పాటు స్వరపేటికని కూడా తీసేశారు డాక్టర్లు. ప్రాణం దక్కింది, మాట దక్కలేదు. అప్పట్నుంచీ చంకలో పలక, చేతిలో బలపం. కోపం వస్తే అక్షరాలు పెద్దవవుతాయి.

సాయంత్రం బడి నుంచి రాగానే మేడ మీద తన గదికి కూడా వెళ్ళకుండా పలక నా ముందు పెట్టింది. ఇరవై నాలుగో తారీఖున హెడ్మిస్ట్రెస్ తనకి, ఆపరేషన్ దాకా తను చెప్పిన రెండో తరగతిలోనే ఒక కథల పీరియడ్ ఇస్తానందట. అది కుదిరితే క్లాసు మళ్ళీ అక్కదే. కుదరకపోతే లైబ్రరీలో పుస్తకాలు సర్దుకోవడమే ఇక పర్మనెంటు. హెడ్మిస్ట్రెస్ చెడ్డదేం కాదు, ఈ మాట చెబుతూ కళ్ళు తుడుచుకుందట.

గొంతు లేకుండా కథ ఎలా చెబుతావే అని అడిగాను. అడిగాక నాలుక కరుచుకున్నాను. అక్క బీరువా తీసి ఒక సీడీ తెచ్చి నా చేతిలో పెట్టింది.

మార్చి 4, మంగళవారం

ఆ సీడీ సంగతి ఇదీ. చాలా ఏళ్ళ కిందట అక్క స్టూడెంట్ ఒకడి నాన్న, రికార్డింగ్ స్టూడియో ఆయన, అక్కని మైకు ముందు కూర్చోబెట్టి పన్నెండు కథలు చెప్పించాడు. క్లాసుకొకటి చొప్పున సీడీలు పంచాడు. పిల్లల చేతుల్లో పడ్డ సీడీలు ఎన్నాళ్ళుంటాయి? ఆ స్టూడియో కూడా ఇప్పుడు లేదు. మిగిలింది ఈ ఒక్కటే. దీని మీద కూడా ఒక గీత. ఏడో కథలో టిక్కు టిక్కుమంటుంది. ఏడో కథంటే గొడుగు పోగొట్టుకున్న ఏనుగు కథ. పిల్లలు మళ్ళీ మళ్ళీ అడిగేది అదే.

ఇంట్లోనే మంచి కాపీలు తీసిపెట్టమంది. క్లాసులో వాడటానికొకటి, దాచడానికొకటి. అసలుది మళ్ళీ బీరువాలోకి.

ఇదెంత పని అన్నాను.

మార్చి 5, బుధవారం

ఎంత పనో తెలిసింది.

నాది కళ్ళద్దాల షాపు. అద్దం తుడవడంలో నా తర్వాతే ఎవరైనా. షాపులో మెత్తటి గుడ్డ తీసుకుని, అద్దానికి వాడే పాలిష్ రెండు చుక్కలు వేసి, సీడీని గుండ్రంగా, ఓపిగ్గా రుద్దాను. అద్దంలా మెరిసింది. నా మొహం నాకే కనిపించింది. ఇంటికొచ్చి ప్లేయర్లో పెట్టాను.

ఆరు కథలు బాగానే నడిచాయి. ఏడో కథలో ఏనుగు నోరు తెరిచి "నా గొ, నా గొ, నా గొ" అంటూ అక్కడే నిలబడిపోయింది. మొన్నటిదాకా టిక్కుమన్నది ఇవాళ నడవనే లేదు. కోతి పుండు బ్రహ్మరాక్షసి కావడమంటే ఏమిటో నా చేతులతో నేనే చేసి చూసుకున్నాను.

మార్చి 6, గురువారం

అక్కకి చెప్పలేదు. అన్నం సహించలేదు.

మార్చి 7, శుక్రవారం

మా బావమరిదిని పిలిచాను. వాడికి తెలియని విషయం ఉండదు, తెలిసిన విషయం సగమే ఉంటుంది. అయినా ఈసారి తెలిసిన సగం పనికొచ్చింది.

సీడీని గుండ్రంగా తుడవకూడదట. పాట అయినా మాట అయినా దాని మీద గుండ్రంగానే రాసి ఉంటుందట. అడ్డంగా పడ్డ గీతని మెషీన్ ఒక్క గంతులో దాటేస్తుంది. చుట్టూ పడ్డ గీత వెంట మాత్రం చాలా దూరం గుడ్డిదై నడవాలి. తుడిస్తే మధ్యలోంచి అంచుకి తిన్నగా తుడవాలి బావా, ఈపాటి తెలియకుండా ఎలా చేశావు అన్నాడు. వాడి చేత ఈ మాట పడాల్సి రావడం నా ఖర్మ.

వాడి లాప్‌టాప్‌లో పెడితే ఏనుగు కథ చివరిదాకా నడిచింది. ఎగిరి గంతేశాను. రెండోసారి వింటే ఏదో తేడా. అక్క మాటలే, కానీ అక్కడక్కడా అరిగిపోయినట్టున్నాయి. కనపడని చోట సీడీని చదివే డ్రైవ్ తనే ఊహించి అతికేస్తుందట. మా షాపుకొచ్చేవాళ్ళలో కొందరు అంతే, బోర్డు మీద అక్షరం కనపడకపోయినా ధైర్యంగా ఏదో ఒకటి చదివేస్తారు. వాళ్ళకి నేను అద్దాలు రాసివ్వను. ఈ కాపీ కూడా వద్దన్నాను.

పోనీ ఎంపీత్రీ చేసేద్దాం, చిన్నగా ఉంటుంది అన్నాడు. చిన్నగా ఎలా అవుతుందని అడిగితే, మన చెవికి అందనివి తీసేస్తారట. అక్క గొంతులోంచి ఇంకేం తీస్తావురా అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. మా ఆవిడ వచ్చి ఇద్దరికీ కాఫీ ఇచ్చి, వాణ్ణి ఇంటికి పంపించింది.

మార్చి 8, శనివారం

అక్కకి చెప్పేశాను.

పలక మీద "ఒరేయ్" అని రాసింది. పలకంతా అదే. చాలాసేపు నా మొహం ముందు అలాగే పట్టుకుంది. తర్వాత తుడిచేసి, మూడు రోజుల్నుంచీ సరిగ్గా తినట్లేదట ఎందుకు, అని రాసింది. మా ఆవిడ చెప్పినట్టుంది. తిట్టినా బాగుండేది.

మార్చి 9, ఆదివారం

బజారంతా తిరిగాం, నేనూ బావమరిదీ. మొదటి షాపులో టై కట్టుకున్న అబ్బాయి ఒక్కటే పాట, స్పీడు. ఎంత స్పీడుగా కాపీ చేస్తుందో చూడండి సార్ అని. నాక్కావాల్సింది నిదానం బాబూ అంటే, నన్నో వింత జంతువులా చూశాడు. రెండో షాపులో రెండు ట్రేల మెషీన్ చూపించారు. ఒకదాంట్లో పాతది, ఒకదాంట్లో ఖాళీది, మీట నొక్కితే చాలు. ముచ్చటగానే ఉంది. చదవలేని చోటికి వెనక్కెళ్ళి మళ్ళీ చదువుతుందా అని అడిగాను. వెళ్ళదట. అయితే అది కూడా ఊహించే రకమే.

చివరికి కొన్నది పెద్ద కంప్యూటర్లలో ఉండే పాతకాలపు డ్రైవ్. ఇటుకంత బరువు, అందం సున్నా. లాప్‌టాప్‌కి తగిలించుకోవడానికి వేరే డబ్బా, దానికో అడాప్టరు. సన్నటి డ్రైవ్‌లు తిరిగేటప్పుడు వణుకుతాయి, ఇది వణకదు. స్పీడు బాగా తగ్గించుకోవచ్చు. తప్పు దొరికితే దొరికిందని ఒప్పుకుంటుంది. ఈ మూడో గుణం కోసమే కొన్నాను.

దీని లోపల కూడా ఒక బుల్లి లెన్సు ఉంటుందట. దాన్ని తుడవనని మా ఆవిడ నా చేత ఒట్టు వేయించింది.

మార్చి 12, బుధవారం

పదకొండు కథలు కంప్యూటర్లోకి శుభ్రంగా వచ్చాయి. బావమరిది పెట్టిన ప్రోగ్రాం ప్రతి ముక్కనీ రెండుసార్లు చదివి, రెండూ ఒకటైతేనే ముందుకెళుతుంది. ఏడో కథ దగ్గర పొద్దున మొదలెట్టింది, నేను షాపు మూసి వచ్చేసరికి కూడా అక్కడే ఉంది. చదవడం, వెనక్కి రావడం, మళ్ళీ చదవడం. తెర మీద ఎర్ర గీతలు తప్ప ఏమీ లేదు. పన్నెండులో ఒకటి పోతే ఏమైంది బావా అన్నాడు వాడు. పిల్లలు అడిగేది ఆ ఒక్కటేరా అన్నాను.

మార్చి 14, శుక్రవారం, మధ్యాహ్నం

షాపుకి వెళ్ళలేదు. అక్కకీ బడి సెలవు. నేను రుద్దిన పాలిష్ పొర ఇంకా సీడీ మీద ఉందని వెలుతురులో పెట్టి చూస్తే తెలిసింది. తడిగుడ్డతో తిన్నగా తుడుద్దామని కూర్చున్నాను. మధ్యలోంచి అంచుకి, మధ్యలోంచి అంచుకి అని పైకే చెప్పుకుంటూ మొదలెట్టాను. ఇన్నేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది, చెయ్యి రెండుసార్లు తిన్నగా వెళ్ళి మూడోసారి గుండ్రంగా తిరగబోయింది. సీడీ కింద పెట్టేసి నా చేతిని నేనే తిట్టుకున్నాను.

అక్క చూస్తూనే ఉంది. నా చేతిలోంచి గుడ్డ లాక్కుంది. రోజంతా పలక తుడిచే చెయ్యి అది, తిన్నగా తప్ప వెళ్ళదు. సీడీ అంతా అలాగే తుడుచుకుంటూ వచ్చింది. నన్ను దగ్గరికి రానివ్వలేదు.

అదే రోజు, సాయంత్రం

స్పీడు అన్నిటికన్నా తక్కువకి దించి పెట్టాం. నెమ్మదిగా కదులుతోంది. కానీ కదులుతోంది.

మార్చి 15, శనివారం

నా గొడుగు ఎవరైనా చూశారా అని ఏనుగు అడిగింది. పూర్తిగా అడిగింది. అతుకు లేదు, ఊహ లేదు. ముక్క ముక్కా రెండుసార్లు సరిచూసుకుని మరీ వచ్చింది. నేను ఏడ్చాను. బావమరిది కూడా కళ్ళు తుడుచుకుని, దుమ్ము పడిందన్నాడు.

అక్కని పిలిస్తే కిందికి రాలేదు. తలుపు దగ్గరే నిలబడి వద్దని చెయ్యి ఊపింది. పనిచేస్తోందా లేదా, అంతవరకే చెప్పమంది. తన గొంతు తను విని నాలుగు నెలలైంది. నాకు ముందే తట్టి ఉండాల్సింది.

మార్చి 16, ఆదివారం

ఖాళీ సీడీల్లో చవకవి వదిలేసి మంచివి తెచ్చాను. నిదానంగా కాపీ చేశాను. ఆ కాసేపూ లాప్‌టాప్‌ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. విని చూస్తే కథకీ కథకీ మధ్య రెండు సెకన్ల నిశ్శబ్దం! అసలు సీడీలో అక్క ఒక కథ అవగానే కూనిరాగం తీస్తూ ఇంకో కథలోకి వెళుతుంది. ఆ కూనిరాగం సరిగ్గా మధ్యకి తెగిపోయింది. మనం వద్దని చెప్పకపోతే ప్రోగ్రాం తనే ఆ ఖాళీ పెడుతుందట. వద్దని చెప్పి మళ్ళీ చేశాను. ఇప్పుడు అచ్చం అసలులాగే ఉంది. పైన కాగితం లేబుల్ అంటించకుండా మెత్తటి పెన్నుతో పేరు రాశాను.

మార్చి 18, మంగళవారం

కాపీ మొదటి నుంచి చివరిదాకా ఎవరో ఒకరు వినాలి కదా. నేనూ మా ఆవిడా కూర్చున్నాం. మూడో కథలో ఉండగా మెట్ల మీద చప్పుడైంది. అక్క వచ్చి చివరి మెట్టు మీద కూర్చుంది. మేమిద్దరం అటు చూడలేదు. ఏడో కథ అయ్యాక లేచి వచ్చి పలక చూపించింది. ఇంత గబగబా చెప్పేదాన్నా?

ఆ తర్వాత ఇక తప్పుల మీద తప్పులు పట్టింది. పిల్లి కథలో ఊపిరి గట్టిగా వినిపిస్తోందట. కథల మధ్య పిల్లలు ప్రశ్నలు అడగడానికి చోటే లేదట. ఆ చోటు లేకుండా చెయ్యడానికే కదే ఒక రోజంతా తన్నుకులాడాను అని మొత్తుకున్నాను. అయితే రిమోట్ నాకివ్వు, అని రాసింది. పెదవులు నవ్వుతున్నాయి. ఆపరేషన్ తర్వాత అక్క నవ్వడం చూడటం నాకు ఇదే మొదలు.

మార్చి 23, ఆదివారం

చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాను. రేపు క్లాసు చెప్పేది నేనైనట్టు.

మార్చి 24, సోమవారం

కిటికీ బయట నిలబడ్డాను. పక్కన హెడ్మిస్ట్రెస్.

ఏనుగు కథ మధ్యలో ఒక కుర్రాడు లేచాడు. అక్క రిమోట్ నొక్కి తన గొంతు తనే ఆపింది. ఏనుగు వానలో తడిస్తే ఏమవుతుంది, దానికి గొడుగెందుకు అని అడిగాడు. అక్క పలక మీద రాసింది, "దాని గొడుగు కింద ఒక పిచ్చుక ఉండేది." ముందు బెంచీ పిల్ల లేచి వెనక్కి తిరిగి, అందరికీ వినపడేలా చదివింది. చదివాక ఆ కుర్రాడి వైపు వేలు చూపించి, మంచి ప్రశ్న, ఇక కూర్చో నాన్నా అంది.

అది పలక మీద లేదు. సీడీలోనూ లేదు. నా చిన్నప్పుడు నన్నూ అక్క అలాగే కూర్చోబెట్టేది.

కుర్రాడు కూర్చున్నాడు.