రాళ్లగుట్టలో పేరు పెట్టనివాడు

నా కోల్మన్‌కి,

స్కాట్లండులో మీ బంగాళాదుంపల తవ్వకం ఎప్పటికి ముగుస్తుందో గానీ, దీనికి మాత్రం వెంటనే జవాబు రాయి. పదకొండేళ్లుగా మనం ఎత్తని మాట అడుగుతున్నాను. మన తొలిచూలు బిడ్డను ఏ రాయి కింద పెట్టావు? జ్ఞానస్నానం కాకుండానే ప్రాణం పోయిందని ఫాదరు సమాధుల తోటలో చోటివ్వనంటే, సబ్బుల పెట్టెలో పెట్టి కొండ మీది రాళ్లగుట్టకు మోసుకెళ్లావు. తల్లి వెంట రాకూడదన్నారు, రాలేదు. చోటు అడగకూడదన్నారు, అడగలేదు. ఈ నెలాఖరున డబ్లిన్ నుంచి చదువుకున్నవాళ్లు వచ్చి, ఎప్పటివాడో రాజు ఎముకల కోసం ఆ గుట్ట విప్పుతారట. వాటితో పాటు వాణ్ణీ సంచిలో వేసుకుపోతారేమో, అంతకుముందే వాణ్ణి తెచ్చుకోవాలి.

నిన్న పొగమంచులో ఒక్కదాన్నే ఎక్కాను. కొండంతా గాలి, గుట్ట దగ్గర మాత్రం గడ్డిపోచ కదల్లేదు. దక్షిణం వైపు రాళ్లకు చెవి ఆనిస్తే, లోపల ఎవరో పాలు తాగుతూ ఆగి ఊపిరి పీల్చుకున్నట్టు వినిపించింది. నా రొమ్ములు తడిశాయి కోల్మన్, ఈ వయసులో. మీ అమ్మకు చెబితే ఉతికి ఆరేసింది. "పిచ్చిదానా, గుట్ట లోపల ఉండేవాళ్లకిచ్చింది వాళ్లదే. తిరిగి అడిగితే ఉన్నదీ పోతుంది. నోరు మూసుకుని పొయ్యి సంగతి చూడు" అంది.

నీ ఊనా

ఊనా,

గుట్ట జోలికి వెళ్లకు. వాడు అక్కడ లేడు. ఆ సాయంత్రం నేనూ దక్షిణం వైపే ఒక రాయి ఎత్తాను. లోపలి నుంచి వెచ్చటి ఊపిరి నా మణికట్టుకు తగిలింది. పెట్టెతో సహా కిందికి పరుగెత్తాను. చర్చి సమాధుల తోట గోడ దూకి, మా తాత సమాధిలో ఆయన కాళ్ల దగ్గర పాతిపెట్టాను. ఫాదరుకు తెలిస్తే తవ్వి తీయిస్తాడని నీక్కూడా చెప్పలేదు. ప్రతి ఆదివారం నువ్వు వాడి పక్కనుంచే నడిచావు. పిరికివాణ్ణి, క్షమించు. నువ్వు విన్నదేదో మన బిడ్డ కాదు.

కోల్మన్

కోల్మన్,

నీ ఉత్తరం గురువారం చేరింది. ఆగలేక మంగళవారమే నేను వెళ్లాను. చెవి ఆనించిన చోట మూడు రాళ్లు తీయగానే చేతికి పెట్టె తగిలింది. ఎత్తుకుంటే లోపల తేలిగ్గా ఏదో కదిలింది. మూత తీయలేదు. రెండు రోజులు ఒళ్లో పెట్టుకుని జోల పాడాను. మీ అమ్మ ఆ గదిలోకే రాలేదు.

నీ ఉత్తరం చదవగానే పెట్టె బల్ల మీద పెట్టేశాను. "మరి ఇదెవరత్తా?" అని అరిచాను. ఆమె వచ్చి మూత అంచు తడిమింది.

"ఈ మేకులు మీ మామ కొట్టినవి. కోల్మన్ కంటే ముందు పుట్టింది, ఆడపిల్ల. ఏ రాయి కిందో చెప్పకుండానే పోయాడు ఆయన" అంది. తర్వాత పెట్టెకు చెవి ఆనించి, "ఇన్నేళ్లూ ఆకలితోనే ఉందంటావా?" అని అడిగింది. పెట్టె తన ఒళ్లో పెట్టాను.

దీన్నీ వాడి పక్కనే పెడతాం, గోడ ఏ వైపు దూకావో రాయి. మీ అమ్మ ఎక్కలేదు, నేనే ఎత్తి దాటిస్తాను. పార మాత్రం తనే పడుతుందట.

ఊనా