ఫ్రాంక్‌కు వడ్డించిన శుక్రవారాలు

జనవరి 8, శుక్రవారం

డెక్లన్‌ది మళ్లీ అదే పాట. "వండు, పెట్టెలో పెట్టు, గుమ్మంలో దించేసి రా. కబుర్లొద్దు." వాడి వైన్ షాపుకు వంటమనిషి, డ్రైవరు, సీసాల దుమ్ము తుడిచేది, అన్నీ నేనే. లాక్‌డౌన్ అని చెఫ్‌ను పంపేశాడు. శుక్రవారం పెట్టె మాత్రం ఆపడు. దక్షిణ ఫ్రాన్స్‌లో ఒకే ఒక తోట నుంచి వచ్చే సీసా, దానికి నప్పే వంటకం, ఇద్దరికి సరిపడా.

ఏ సీసాకు ఏ కూరో తేల్చేది నేను. ఎవడూ నేర్పలేదు. పుక్కిలించి ఉమ్మి, పుక్కిలించి ఉమ్మి నేర్చుకున్నా.

ఈ వారం తెల్ల వైన్. నిమ్మతొక్క, ఉప్పుగాలి వాసన. దానికి వెన్నలో వేయించిన ఆల్చిప్పలు.

ఆఖరి ఇల్లు మోరీన్‌ది, నేస్ ఊరు దాటాక పొలాల మధ్య. ముసలావిడ, ఒంటరి. కిటికీ కొద్దిగా తెరిచి — "ఫ్రాంక్‌కు ఇది ఇష్టం, అమ్మాయ్." ఫ్రాంక్ ఆవిడ భర్త. ఏప్రిల్‌లో ఆస్పత్రిలో పోయాడు. ఆవిడను లోపలికి రానివ్వలేదట.

నేను తల ఊపాను.

జనవరి 15

గులాబీ రంగు వైన్. రొయ్యల వేపుడు, కరివేపాకు వేసి మరీ. డెక్లన్ చూడలేదు. చూస్తే "నీ కారం గోల" అంటాడు, అమ్ముడుపోయాక తన ఐడియా అంటాడు.

మోరీన్ గుమ్మంలో పోయినవారం పెట్టె. సీసా ఖాళీ. ఫోర్కులు రెండు పంపుతాం, కాగితంలో చుట్టి. ఒకటి వాడారు. రెండోది చుట్టింది చుట్టినట్టే ఉంది.

"మీరు మాత్రలు వేసుకుంటారు కదా, తాగకూడదు కదా..."

"నేనెక్కడ తాగాను? అంతా ఆయనే. తిన్నదీ ఆయనే." నవ్వింది. పెళ్లి ఉంగరం బొటనవేలికి ఉంది. ఉంగరపు వేలికి నిలవడం లేదట.

జనవరి 19

డెక్లన్‌తో చెప్పాను. ఆవిడ తినడం లేదు, చిక్కిపోతోంది అని.

"షీ ఈజ్ గ్రాండ్, బాగానే ఉంది. మనది షాపు, ఆస్పత్రి కాదు."

ఆవిడ జీపీకి, అదే ఫ్యామిలీ డాక్టరు ఆఫీసుకు, ఫోన్ చేశాను. మీరు బంధువా? కాదు. అయితే వివరాలు చెప్పలేం. వివరాలు ఎవడికి కావాలి... వెళ్లి చూడండి అంటున్నాను. రిసెప్షనిస్టు ఫోన్ పెట్టేసింది.

జనవరి 22

ఎరుపు. ముసలి ద్రాక్షతీగల పంట, మోటు వైన్. పులుపు తగిలితే మెత్తబడుతుంది. గోంగూర మాంసం చేశాను. ఈ షాపులో ఇంత బాగా ఏదీ కుదరలేదు.

ఐదున్నరకే చీకటి పడింది. మోరీన్ పెట్టె లోపలికి తీసుకుంది, కిటికీలోంచి దీపం వెలుగులో చూస్తున్నాను. బల్ల మీద రెండు ప్లేట్లు. వెనక్కి లాగి ఉన్న కుర్చీ ముందు పెట్టెలోది మొత్తం వడ్డించింది. తన ప్లేటు ఖాళీ. గ్లాసులో సగం దాకా వైన్ పోసి, ఉప్పు కోసం అలమర వైపు తిరిగింది.

పాత పెట్టె అందుకోవడానికి వంగాను. లేచాను.

ఆవిడ ఇంకా అటే తిరిగి ఉంది. గ్లాసు ఖాళీ, అడుగున ఎర్రటి మరక.

నేను చూసింది నేను చూశాను.

జనవరి 23

దివ్యకు చెప్పాను. రూమ్‌మేట్‌కు కాక ఎవరికి చెప్పాలి.

"ముసలామెకు మతి పోయిందంటే ఒక తీరు. నీకేమైందే? పెద్దలకు మా ఊర్ల కూడా పెడ్తరు. తెల్లోల్ల పెద్దలకు పెట్టుడేందే? బిల్లు ఎవనికిస్తవ్?"

నవ్వు రాలేదు. నానమ్మ గుర్తొచ్చింది. తాత పోయిన రోజున ఏటా కల్లు, ఎండుచేపల పులుసు పెట్టేది. పప్పుచారు మాత్రం పెట్టేది కాదు. "నచ్చనిది ముట్టడు" అనేది.

నచ్చనిది ముట్టడు.

ఫ్రాంక్‌కు నచ్చేలా వండి, నా చేతి రుచితో నేనే ఆవిడను చంపుతున్నాను.

జనవరి 29

అదే ఎరుపు. కానీ పొగపెట్టిన మాకెరెల్ చేపతో, పక్కన ఉడికిన బంగాళాదుంపలు. ఎరుపుకూ జిడ్డు చేపకూ పడదు. నోట్లో పెట్టుకుని చూశా — తుప్పు మేకు చప్పరించినట్టు ఉంది. ఉమ్మేశాను.

అదే పంపాను. కావాలని. మూత రెండుసార్లు తీసి మళ్లీ పెట్టాను. భయం కాదు, చెడ్డ వంట పంపడం చేతకాక.

ఫిబ్రవరి 5

"ఏం పంపావమ్మాయ్? ప్లేటు తోసేశాడు. నోరంతా ఇనుము అన్నాడు."

"మీరు?"

"పారెయ్యలేకపోయాను. నేనే తిన్నాను. చేప బాగానే ఉంది, ఆ వైన్ లేకపోతే."

వ్యాన్‌లో కూర్చుని ఏడ్చాను. డెక్లన్‌ను, జీపీ ఆఫీసును, అందర్నీ తిట్టుకుంటూ.

ఇవాళ పంపినది తేనెలాంటి తీపి వైన్, వెనిగర్‌లో ఊరిన చేప. ఈ జోడీని ఫ్రాంక్ ముట్టడు. వైన్ ముట్టకపోతే ఆవిడ తినగలదు.

ఫిబ్రవరి 12

మోరీన్ చెంపల్లో రంగు. కిటికీ కాదు, తలుపే తెరిచింది, గొలుసు తగిలించి. కుర్చీ బల్ల కిందికి నెట్టేసి ఉంది.

"ఈ వారం ఆయన భోజనానికి రాలేదు. వైన్ ఎవరు ఎంచుతున్నారని అడిగాడు. ఒకమ్మాయి, శుక్రవారం వస్తుంది, తెల్ల వ్యాన్ అని చెప్పాను." ఆగింది. "కోటు వేసుకున్నాడు."

వ్యాన్ ఎక్కాను. స్టార్ట్ చేశాను. బీప్, బీప్. పక్క సీటు బెల్టు గుర్తు ఎర్రగా వెలుగుతోంది, ఎవరైనా కూర్చుంటేనే వెలిగేది. పెట్టెలన్నీ వెనక ఉన్నాయి. సీటు మీద ఏమీ లేదు, నా చేతితో తడిమి చూశాను. చల్లగా ఉంది.

ఆపి మళ్లీ స్టార్ట్ చేశాను. బీప్.

వెనక్కి వెళ్లి తలుపు కొట్టొచ్చు. మీ ఆయన్ను మీరే ఉంచుకోండి అనొచ్చు. ఉంచుకుంటుంది. మళ్లీ తిండి మానేస్తుంది.

నేస్ రౌండబౌట్ దగ్గర ఆపి, పక్కకు వంగి, సీటుకు బెల్టు పెట్టాను.

బీప్ ఆగింది. మెల్లగా నడిపాను.

ఫిబ్రవరి 13

మోరీన్ షాపుకు ఫోన్ చేసింది. పొద్దున రెండు గుడ్లు తిన్నదట, టోస్టు కూడా. ఆయన సంగతి ఆవిడ అడగలేదు. నేను చెప్పలేదు.

దివ్య అన్నం వండింది. "కూసో, చల్లారుతది." ఇద్దరమే. ప్లేట్లు మాత్రం మూడు తీశాను. దివ్య మూడో ప్లేటు వంక, నా మొహం వంక చూసింది.

షాపు నుంచి తెచ్చిన ఎరుపు తెరిచాను. ఈసారి సరైన కూరతోనే.

నిన్నటి నుంచి నేనేమీ తినలేదు. ఆకలి వేయడం లేదు.