నేను మడిచిన మూడు వేళ్లు

ఢిల్లీ, 14-11-83

నాయనకు పంకజాక్షి నమస్కారాలు. ఇక్కడ క్షేమం, స్వెటరు సరిపోతోంది.

నిన్న జిమ్నాస్టిక్స్ పోటీల్లో ఒక అమ్మాయికి నలుగురు జడ్జీలలో నేనొక్కదాన్నే బాగా తక్కువ మార్కు వేశాను. అంత తేడాను అంతర్జాతీయ సంఘం రూల్సు ఒప్పుకోవు. పెద్ద జడ్జి పిలిచి కారణం అడిగింది. చెక్కభజన నేర్పేటప్పుడు పిల్లలు అడుగు తప్పినప్పుడల్లా మీరు వేలు మడుస్తారే, నేనూ అలాగే మూడు మడిచి ఉంచాను. ఒక్కొక్కటీ విప్పుతూ మోకాలు వంగింది, చెయ్యి నేలకు ఆనింది, దిగాక పాదం జరిగింది అని చెప్పాను. మిగతా ముగ్గురూ మార్కులు దిద్దుకున్నారు. రేపు ఫైనల్‌కు నన్నే కూర్చోమన్నారు.

నేను డ్రిల్లు నేర్పే బడిలో హెడ్మాస్టరుతో చెప్పి నా సెలవు ఇంకో రెండు రోజులు పొడిగించమనండి. ఎనుము ఈనిందా? అమ్మకు నడుం నొప్పి తగ్గిందా?

"ఆడ నీ మాట ఎవురింటారు మే" అన్నారు మీరు, నేను బయల్దేరేటప్పుడు. విన్నారు నాయనా. ఎవరి దగ్గర నేర్చుకున్నావని కూడా అడిగారు. మీ పేరు చెప్పాను.