నాన్న గొంతు ఎక్కడ దాచాలి

మార్చి 3, సోమవారం

వచ్చే మంగళవారం నాన్నకి ఆపరేషన్. స్వరపేటిక తీసేస్తారు. స్వరపేటిక. పట్టుగుడ్డలో చుట్టి దాచుకునే వస్తువు పేరులా ఎంత బాగుందో అనుకున్నాను. రాసుకున్నాక సిగ్గేసింది.

నాన్న డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. గొంతు పోతే పక్క సీట్లో కూర్చుని ఏం చేస్తాడు? అందుకే ఇంట్లో కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాం పెట్టాను. అది ఇచ్చిన వాక్యాలన్నీ నాన్న చదివితే, తర్వాత మనం ఏది టైప్ చేసినా ఆయన గొంతుతోనే పలుకుతుంది. కొన్ని వారాలుగా మధ్యగదిలో ఫ్యాన్ ఆపేసి, చెమటలు కక్కుతూ చదువుతున్నాడు. మబ్బులు కమ్ముకున్నాయి, పూలు విరబూశాయి... నా జన్మలో ఎవరితోనైనా ఇలా మాట్లాడానటే డిక్షనరీ, అని మధ్యమధ్యలో నా మీద విసుక్కుంటాడు. నేను మాటలు పోగేస్తానని నాకా పేరు పెట్టింది ఆయనే.

ఇవాళ్టితో చదవడం అయిపోయింది. హమ్మయ్య.

మార్చి 4, మంగళవారం

రికార్డింగులు పోకుండా ఉండాలంటే ఫైళ్లు మాత్రమే కాపీ చేసుకుంటే చాలదట. ప్రోగ్రాములు, సెట్టింగులు, సమస్తం ఒకే ముద్దగా ఫుల్ డిస్క్ ఇమేజ్ తీయాలట. పొద్దుటినుంచీ దాని గురించే చదివాను. తీసేశాను కూడా. డి డ్రైవ్‌లో పెట్టాను.

గొప్పగా అక్కకి ఫోన్ చేసి చెప్పాను. పగలబడి నవ్వింది. సి అయినా డి అయినా ఉన్న డిస్క్ ఒక్కటే కదే మొద్దూ, దొంగల భయమని బీరువా పైఅరలో నగలు తీసి కిందిఅరలో పెట్టినట్టుంది నీ తెలివి, అంది.

మార్చి 6, గురువారం

ఎక్కడ పెట్టాలి?

పెన్ డ్రైవ్ అంత పెద్ద ఫైలుని ఒప్పుకోవడం లేదు. క్లౌడ్‌లోకి ఎక్కించబోతే, మా నెట్‌కి ఆపరేషన్ అయి కుట్లు విప్పేదాకా పడుతుందని తేలింది. కాలేజీ ల్యాబ్‌లో అడిగాను. ఇంటి సామాను ఇక్కడ పెట్టకూడదమ్మా అన్నాడు అసిస్టెంట్, మంచం తెస్తానన్నట్టు.

అమ్మతో చెప్పుకున్నాను. మీ నాన్న నోటికి చోటు చాలదని పెళ్లయిన కొత్తల్లోనే నాకు తెలిసిపోయింది, నీకిప్పుడా తెలియడం, అంది. నవ్వి, వెంటనే కొంగుతో ముక్కు తుడుచుకుంది.

బావ దగ్గర బయట తగిలించే డిస్క్ ఉంది. ఖాళీ చేసి శనివారం అక్క తెస్తానంది.

మార్చి 7, శుక్రవారం

కంప్యూటర్‌లోంచి చప్పుడు. టక్. కాసేపాగి, టక్ టక్. టకటక కాదు, కటకట కాదు. దానికి మాట దొరకలేదు.

మార్చి 8, శనివారం, ఉదయం 10

అక్క డిస్క్ తెచ్చింది. చెప్పులు విప్పకుండానే చప్పుడు విని, ఇదేమిటే దగ్గుతోంది, ముందు నాన్న రికార్డింగుల ఫోల్డర్ ఒక్కటీ పెన్ డ్రైవ్‌లోకి లాగు, అంది. ఒక్క ఫోల్డర్‌తో ఏం లాభం, మొత్తం ఇమేజ్ ఉంటే అందులో అదీ ఉంటుంది కదా అన్నాను. అరకొర పని నాకు నచ్చదు. కొత్తగా తీస్తున్నాను.

మధ్యాహ్నం 1

అరవై ఒక్క శాతం.

మధ్యాహ్నం 2

అరవై ఒక్క శాతం.

సాయంత్రం

పోయింది. స్క్రీన్ నల్లబడింది. మళ్లీ ఆన్ చేస్తే డిస్క్ లేనేలేదంటోంది. బావ డిస్క్‌లో సగం ఇమేజ్ ఉంది. తెరుచుకోదు. సగం ఇమేజ్ అంటే ఏమీ లేనట్టే.

ఫోల్డర్ ఒక్కటీ పెన్ డ్రైవ్‌లో హాయిగా పట్టేది. టీ చల్లారేలోపు అయిపోయేది. అక్క ఆ మాట అనడం లేదు. అంటే బాగుండును. చావబోతున్న డిస్క్ చేత మొత్తం మోయించాను. అన్నీ కావాలన్నాను. పరీక్షలో అడగని ప్రశ్నక్కూడా జవాబు రాసే బుద్ధి నాది. నన్ను నేను ఎన్ని మాటలతో తిట్టుకున్నా ఇంకా మిగులుతున్నాయి.

నాన్న గుమ్మంలోంచి తొంగి చూసి, ఏమైందే, బండి ఆగిపోయిందా అన్నాడు. ఏం లేదన్నాను.

మార్చి 9, ఆదివారం

రిపేర్ షాపతను డిస్క్ విప్పి చూపించాడు. అద్దంలాంటి పళ్లెం మీద గుండ్రంగా గీత. ఇంక ఎక్కడికి తీసుకెళ్లినా రాదమ్మా అన్నాడు.

నాన్నకి చెప్పాను. లేచి ఫ్యాన్ ఆపేశాడు. తర్వాత, సరే పట్రా, మళ్లీ చదువుదాం అన్నాడు. గొంతు ఇప్పటికే బొంగురు. నా ఫోన్ ముందు పెట్టుకుని మొదలుపెట్టాడు. మబ్బులు అనేసరికి దగ్గు తెర కమ్మింది. చేతిరుమాలు ఎర్రబడింది. అమ్మ వచ్చి ఫోన్ లాక్కుని, మనిషి ముఖ్యమా గొంతు ముఖ్యమా అని నా మీద అరిచింది. రెండూ కావాలి అన్నాను. నేనూ అరిచాను.

మార్చి 10, సోమవారం

ఇవాళ ఇంట్లో ఎవరం నాన్నని ఏదీ అడగలేదు. అడిగితే జవాబు చెబుతాడని.

మార్చి 11, మంగళవారం

ఆపరేషన్ అయింది. బాగానే ఉన్నాడన్నారు.

మార్చి 27, గురువారం

ఆస్పత్రివాళ్లు ఇచ్చిన ట్యాబ్లెట్‌లో రెడీమేడ్ గొంతులున్నాయి. ఒక్కొక్కటే వినిపించాను. వార్తలు చదివేవాడిలాంటి గొంతు రాగానే నాన్న పలక మీద, వీడెవడు నా ఇంట్లో, అని రాశాడు. అమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మళ్లీ రాశాడు. నువ్వు చదువు. వాక్యాలన్నీ.

నా గొంతు నీకెందుకు నాన్నా అన్నాను. రాసిందాని కింద గీత గీశాడు. ఇంకో గీత గీశాడు. సుద్దముక్క విరిగింది.

ఏప్రిల్ 16, బుధవారం

కొత్త డిస్క్ వేసిన కంప్యూటర్‌లో రోజూ కాలేజీ నుంచి రాగానే చదివాను. ఫ్యాన్ ఆపేసి. నాన్న ఎదురుగా కూర్చుని, నేను రాగం తీసినప్పుడల్లా చెయ్యెత్తి ఆపేవాడు.

ఏ రోజుది ఆ రోజే, ముందు ఫోల్డర్ పెన్ డ్రైవ్‌లోకి. తర్వాత అక్కకి. అన్నీ అయ్యాకే ఇమేజ్, బావ డిస్క్‌లోకి. ఆ డిస్క్ ఊడదీసి అక్క ఇంటికి పంపించేశాను. ఇంత జాగ్రత్త నా గొంతుకి.

ఏప్రిల్ 22, మంగళవారం

గేటుకి అడ్డంగా సైకిల్ పెట్టానని నాన్న నన్ను తిట్టాడు. నా గొంతుతో.

వంటింట్లోంచి అమ్మ, తండ్రితో మాట్లాడే పద్ధతి ఇదేనా అని కేకేసింది.

నేను వెళ్లి సైకిల్ తీశాను.