తుమ్మముల్లుకి ఆగే టైరు

జూలై 8
మళ్ళీ పంక్చరు. నిన్న వెనక చక్రం, ఇవాళ ముందుది. కోపంతో రెండుసార్లు కలం విసిరికొట్టాను. అయినా రాయాలి — మా లక్ష్మి, నా కూతురు, చేపల చెరువు పూడ్చిన మా చేలో తనే ట్రాక్టరు తోలుతూ నాట్లకి దమ్ము చేస్తుంటే, గట్టు మీద నించుని ఏడ్చాను. సంతోషంతో! ఎంత సంతోషమో! అందులో ఈ వెధవ ముళ్ళు.

జూలై 9
ఇదంతా సత్తిబాబు నిర్వాకం. చెరువు కౌలుకి చేసినన్నాళ్ళూ, దొంగలు వల వెయ్యకుండా నీళ్ళలో తుమ్మకంప దింపించాడు. అందరూ దింపుతారు, సరే. చేపల పట్టుబడికి పెద్ద కొమ్మలు లాగేసి, విరిగిన ముక్కలన్నీ బురదలో వదిలేసి పోతాడా? పెదపాడు సెంటర్లో నిలదీస్తే నవ్వుతాడు. "ఆ నేల ఇక వరికి రాదండి బాబాయిగారూ. మళ్ళీ చెరువుకే ఇచ్చెయ్యండి, నేనున్నాగా."
ఉన్నాట్ట!

జూలై 10
నారు ముదిరేలోపు దమ్ము అవ్వకపోతే ఈ ఏడు వరి లేదు, వరి లేకపోతే నేల మళ్ళీ సత్తిబాబు చేతికే, అంది లక్ష్మి. అన్నం సయించలేదు.

జూలై 11
తాడేపల్లిగూడెం. టైర్ల షాపు. కుర్చీ నాకు, కాఫీ నాకు, మాటలన్నీ నాతోనే. మీ అబ్బాయి రాలేదాండీ అని షాపాయన మొదలు. రేడియల్ టైర్లు వేసుకోమంటాడు, పట్టు బాగుంటుందిట. లక్ష్మి టైరు పక్కభాగం బొటనవేలితో నొక్కి చూసింది... బురదలో చక్రం దిగబడితే ముల్లు పక్కనుంచి గుచ్చుకుంటుందండి, ఇక్కడేమో పల్చగా ఉంది, అంది. ఆయన నా వంకే చూస్తూ, ఆడపిల్లకేం తెలుస్తుంది, మీరు చెప్పండి పెద్దాయనా, అన్నాడు.
"తోలేది మా అమ్మాయండి. ఆవిడతో మాట్లాడండి."
అరిచాననుకుంటా. బజారంతా తిరిగి చూసింది. చూడనీ.
చివరికి లక్ష్మి ఎంచినవే — ప్లై పొరలు ఎక్కువ, పక్కలు మందం, నేలని పట్టే గుబ్బలు ఎత్తు. బరువండీ, డీజిలు తాగేస్తుందండీ, రోడ్డు మీద కుదుపండీ... అన్నీ వింది. ట్యూబుల్లో చిల్లి పూడ్చే మందు కూడా పోయించింది. ముల్లు దిగదు కదా అని అడిగాను. దిగదని ఎవరూ చెప్పలేరండి, అంత తేలిగ్గా దిగదు, అన్నాడు. పొద్దుట్నించీ ఆయన చెప్పిన నిజం అదొక్కటే.

జూలై 12
కొత్త టైర్లు. నల్లగా నిగనిగలాడుతున్నాయి, నా తల్లులు! పసుపు రాసి, బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. "ముళ్ళక్కూడా ఓ బొట్టు పెట్టెయ్యి నాన్నా" అంటుంది.

జూలై 13
వెనక చక్రం పంక్చరైన చోటు దాటింది. ముందుది పంక్చరైన చోటూ దాటింది! గట్టు మీద ఈల వేశాను, ఈ వయసులో. సత్తిబాబు గొడుగేసుకుని చూడ్డానికొచ్చాడు. తూము మూల ఇంకా ఉందిగా బాబాయిగారూ, అన్నాడు. కంప ఎక్కువ దింపింది అక్కడేట. సిగ్గు లేకుండా చెబుతాడు. ఒళ్ళు మండిపోయింది.

జూలై 14
డైరీ గట్టు మీదకే తెచ్చుకున్నా. తూము మూలే మిగిలింది. ట్రాక్టరు అటు తిరిగింది... బాగానే పోతోంది...
ఇంజను ఆగింది.
లక్ష్మి బురదలోకి దిగింది. వెనక టైరు చుట్టూ చెయ్యి పెట్టి తడుముతోంది. ఏవైందమ్మా అంటే, తల తిప్పకుండా చెయ్యెత్తింది. బాగానే ఉందనా? ఆగమనా?
సత్తిబాబు గట్టెక్కి వస్తున్నాడు, నవ్వుకుంటూ. పంచె ఎగ్గట్టి లక్ష్మి దగ్గరికి దిగడానికి లేస్తున్నా —